ఒక్కదాన్నే వచ్చాను: ‘సోలో–సోలా’ దగ్గర ఆగిపోయిన ఒక విద్యార్థిని కేసు

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళకు స్పానిష్ నేర్పుతుంటాను. స్పానిష్ విశేషణాల లింగం, వచనం మావాళ్ళకు పెద్ద కష్టమేమీ కాదని చాలాకాలం అనుకున్నాను. ‘కాసా బ్లాంకా’ అంటే తెల్ల ఇల్లు, ‘కోచెస్ బ్లాంకోస్’ అంటే తెల్ల కార్లు. రెండు వారాలు అభ్యాసం చేయిస్తే వచ్చేస్తుంది. ‘ఒంటరి’ అనే ఒక్క మాట దగ్గర మాత్రం ఇదంతా కూలిపోతుందని ఈ కేసులోనే నాకు స్పష్టంగా తెలిసింది. విద్యార్థిని అనుమతితో, ఆమె ఎవరో తెలియకుండా రాస్తున్నాను. స్పానిష్ మాటల్ని పలికే తీరుకు దగ్గరగా తెలుగులో పెట్టాను. వాళ్ళు ‘వి’ అక్షరాన్ని ‘బ’ లాగే పలుకుతారు కాబట్టి ‘నేను నివసిస్తాను’ అనే మాట ఇక్కడ ‘బీబో’ అని కనిపిస్తుంది.

కేసు వివరం

గుంటూరు అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె టీమ్‌లో కొంతమంది మెక్సికోలోని గ్వాదలహారా నుంచి పనిచేస్తారు. తనకూ అక్కడికి వెళ్ళే అవకాశం రావచ్చని తెలిసి నా దగ్గర చేరింది. అప్పటికే ఒక మొబైల్ యాప్‌లో చాలా నేర్చుకుంది. పదసంపద బాగుంది, వర్తమాన కాలంలో క్రియలు తడుముకోకుండా చెబుతుంది. నామవాచకం పక్కనే విశేషణం ఉంటే లింగం, వచనం తప్పడం అరుదు.

మొదటి నెలలో తన గురించి ఒక ఉత్తరం రాయమన్నాను. రాసి నాకు చూపించే ముందే గ్వాదలహారా సహోద్యోగి ఒకావిడకు పంపింది. అందులో రెండు వాక్యాలివి:

‘బీబో సోలో ఎన్ హైదరాబాద్. మిస్ పాద్రెస్ బీబెన్ సోలో ఎన్ గుంటూర్.’

తను చెప్పాలనుకున్నది: నేను హైదరాబాద్‌లో ఒంటరిగా ఉంటాను, మా అమ్మానాన్నలు గుంటూరులో ఒంటరిగా ఉంటారు. ఆ అమ్మాయికి అది చిన్న విషయం కాదు. తమ్ముడు వేరే దేశంలో ఉన్నాడు, నాన్నకు ఒంట్లో బాగుండదు, ప్రతి రాత్రీ ఫోన్ చేసి ఇద్దరూ తిన్నారా లేదా కనుక్కుంటుంది. ఆ బాధ చెప్పుకోవాలనే రాసింది. అటునుంచి వచ్చిన జవాబు మాత్రం: ‘గుంటూరులో మాత్రమే ఉంటారా? ఇంతకుముందు ఇంకో ఇల్లు కూడా ఉండేదా?’

ఆ జవాబు చూపిస్తున్నప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. “వాళ్ళు ఒంటరిగా ఉంటున్నారని చెబితే ఇంకో ఇల్లుందా అని అడుగుతుందేంటి మేడం?” అంది.

ఎక్కడ తప్పింది

స్పానిష్‌లో ‘సోలో’లు రెండు. ఒకటి విశేషణం, అర్థం ‘ఒంటరి, ఒక్క’. లాటిన్ ‘సోలుస్’ నుంచి వచ్చిన ఈ మాటకు నాలుగు రూపాలు: మగవాడైతే సోలో, ఆడమనిషైతే సోలా, బహువచనంలో సోలోస్, అందరూ ఆడవాళ్ళే అయితే సోలాస్. రెండోది క్రియావిశేషణం, అర్థం ‘మాత్రమే’. దానికి ఒకటే రూపం, ఎవరి గురించి మాట్లాడినా మారదు.

అందుకే ఇక్కడ తప్పు ఉచ్చారణ లోపం లాంటిది కాదు. రంగు మాట తప్పి ‘కాసా బ్లాంకో’ అంటే వినేవాడు తప్పని గ్రహించి, మనసులో సరిచేసుకుంటాడు. ‘మిస్ పాద్రెస్ బీబెన్ సోలో’ అంటే సరిచేసుకోవలసిన తప్పేదీ వాడికి కనిపించదు. ‘పాద్రెస్’ బహువచనం, ‘సోలో’ దానితో కలవలేదు, కాబట్టి అది విశేషణం కాదు, ‘మాత్రమే’ అని చదువుకుంటాడు. వ్యాకరణం ప్రకారం అది నిక్షేపంలాంటి వాక్యం, కాకపోతే వేరే వాక్యం. ఆడమనిషి తన గురించి ‘బీబో సోలో ఎన్ హైదరాబాద్’ అని రాసినా అంతే, ‘నేను హైదరాబాద్‌లోనే ఉంటాను’ అని అర్థమవుతుంది. ఆ మెక్సికో ఆవిడ చదవాల్సినట్టే చదివింది.

మరి ‘కాసా బ్లాంకా’ తప్పకుండా రాసే అమ్మాయి ఇక్కడ ఎందుకు తప్పింది? తన రాతలన్నీ ముందేసుకుని చూశాను. నాకు రెండు కారణాలు కనిపించాయి.

మొదటిది, మాట ఉండే చోటు. ‘బ్లాంకా’ నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ‘బీబో సోలా’లో సోలా క్రియ పక్కన ఉంది, అది ఎవరితో కలవాలో ఆ మనిషి వాక్యంలో లేనే లేదు. ‘నేను’ అనే మాటను స్పానిష్‌లో మామూలుగా వదిలేస్తారు. క్రియ పక్కన ఉన్నది క్రియకు చెందినదేనని మనసు అనుకుంటుంది.

రెండోది, మన ‘-గా’. ఆమె నోట్‌బుక్‌లో ‘సోలో = ఒంటరిగా’ అని ఉంది. వేగంగా, నెమ్మదిగా, ఒంటరిగా, ఈ ‘-గా’ వచ్చిందంటే ఆ మాట ఇక మారదు. నేను ఒంటరిగా ఉన్నాను, వాళ్ళు ఒంటరిగా ఉన్నారు, ఆమె ఒంటరిగా ఉంది. యాప్‌లో చూసిన ఇంగ్లిష్ మాట కూడా మారనిదే. రెండు భాషలూ ఒకే మాట చెబుతుంటే మూడోది వేరుగా ఉంటుందని ఎవరికి తోస్తుంది? హిందీ లేదా దక్కనీ ఇంట్లో వినే విద్యార్థులకు ‘అకేలా, అకేలీ, అకేలే’ చెవిలో ఉంటాయి కాబట్టి నా క్లాసులో వాళ్ళు ఇక్కడ ఇంత ఇబ్బంది పడలేదు. ఈ అమ్మాయికి హిందీ పెద్దగా రాదు.

మొదట నేను చేసిన పొరపాటు

అందరు టీచర్లూ చేసే పనే నేనూ చేశాను. నాలుగు గళ్ళ పట్టిక గీసి, ఖాళీలు పూరించే అభ్యాసాలు ఇచ్చాను. “నువ్వు ఆడపిల్లవి కదా, నీ గురించి చెప్పేటప్పుడు సోలా అనాలి” అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఆ వాక్యమే కొంప ముంచింది.

రెండు వారాల తర్వాత తమ్ముడి గురించి రాసింది: ‘దెహె సోలా ఆ మి ఎర్మానో.’ విమానాశ్రయంలో తమ్ముణ్ణి ఒంటరిగా వదిలి వచ్చానని ఆమె భావం. ఎర్మానో అంటే సోదరుడు, మగవాడు. ఒంటరిగా మిగిలింది అతను కాబట్టి ‘సోలో’ అనాలి. కానీ రాసేది తను, తను ఆడపిల్ల, మేడం సోలా అనమంది. నేను చెప్పిన సూత్రాన్ని ఆమె తూచా తప్పకుండా పాటించింది. విశేషణం కలవాల్సింది మాట్లాడే మనిషితో కాదు, ఒంటరిగా ఉన్న మనిషితో అన్న సంగతి నేను చెప్పలేదు.

ఆ వారమే ‘ఎస్తోయ్ సోలా ఇ త్రీస్తా’ అని కూడా రాసింది. ‘నేను ఒంటరిగా, దిగులుగా ఉన్నాను’ అని. దిగులుకు మాట ‘త్రీస్తె’. ‘ఎ’తో అంతమయ్యే ఇలాంటి విశేషణాలు లింగానికి మారవు, వచనానికే మారతాయి: త్రీస్తె, త్రీస్తెస్. ఆడపిల్ల కాబట్టి చివర ‘ఆ’ రావాలన్న భయం ఇక్కడికీ పాకింది. మాట్లాడేటప్పుడు అయితే సోలో దగ్గరకు వచ్చేసరికి ఆగి, నా ముఖం చూసి, ఏదో ఒకటి అనేది. పూర్వం తప్పైనా ధైర్యంగా మాట్లాడేది. ఇప్పుడు ఆ ఒక్క మాటకే టెన్షన్ పడుతోంది. ఆ టెన్షన్ తెచ్చిపెట్టింది నేనే.

వాన పడ్డ సాయంత్రం

ఒకరోజు బాగా వాన. మామూలుగా ఆమెతో ఇంకో ఇద్దరు కలిసి క్యాబ్‌లో వస్తారు. ఆ రోజు ఆలస్యంగా, తడిసి వచ్చింది. “ఒక్కదానివే వచ్చావా?” అని అడిగాను.

“ఒక్కదాన్నే వచ్చాను మేడం. వాళ్ళు ఆఫీసులోనే ఆగిపోయారు.”

కుర్చీ చూపించబోయి ఆగాను. ‘ఒక్కదాన్నే వచ్చాను.’ ‘వచ్చాను’లో ఆడా మగా తేడా లేదు. ‘నేను’ అనే మాట వాక్యంలో లేదు. అయినా అన్నది ఆడమనిషని ‘ఒక్కదాన్నే’ చెప్పేసింది. మగపిల్లవాడైతే ‘ఒక్కణ్ణే వచ్చాను’ అనేవాడు. స్పానిష్‌లో ఇదే వాక్యం ‘బీనె సోలా’, మగవాడైతే ‘బీనె సోలో’. క్రియలో లింగం లేదు, కర్త కనబడదు, పక్కనున్న చిన్న మాటే లింగాన్ని మోస్తోంది. రెండు భాషల్లోనూ పద్ధతి ఒకటే. ఇన్నేళ్ళుగా నేర్పుతూ ‘ఒంటరిగా’ దగ్గరే ఆగిపోయాను కానీ, ‘ఒక్క’ వైపు చూడలేదు.

బోర్డు మీద రాశాను: వాడు ఒక్కడే వచ్చాడు. ఆమె ఒక్కతే వచ్చింది. నువ్వు ఒక్కడివే వచ్చావు, నువ్వు ఒక్కదానివే వచ్చావు. తర్వాత ఆమె రాసిన వాక్యాన్నే అడిగాను. “తమ్ముణ్ణి వదిలి వచ్చానని తెలుగులో ఎలా చెబుతావు?”

“తమ్ముణ్ణి ఒక్కణ్ణే వదిలి వచ్చాను.”

“ఒక్కదాన్నే అనవేం? చెప్పేది నువ్వే కదా?”

“ఒంటరిగా ఉంది వాడు కదా మేడం...” అని ఆగి, నోట్‌బుక్ తీసి ‘దెహె సోలా’ను కొట్టేసి ‘దెహె సోలో ఆ మి ఎర్మానో’ అని రాసుకుంది. “మరి అమ్మను?” అన్నాను. “అమ్మను ఒక్కదాన్నే... దెహె సోలా ఆ మి మాద్రె.” పట్టిక రెండు వారాల్లో చేయలేని పని రెండు నిమిషాల్లో అయింది.

నోట్‌బుక్‌లోని ‘సోలో = ఒంటరిగా’ని కొట్టేయించి, ‘సోలో = ఒక్కడే, సోలా = ఒక్కతే’ అని రాయించాను. పక్కన వేరే గీత గీసి, ‘మారని సోలో = మాత్రమే’. అప్పటినుంచి స్పానిష్ వాక్యం చెప్పే ముందు మనసులో ‘ఒక్కడే’ అనాలా, ‘ఒక్కతే’ అనాలా, ‘మాత్రమే’ అనాలా అని ఒక్క క్షణం తడిమి చూసుకోవడమే ఆమె అభ్యాసం.

ఈ దారిలో ఇంకోటి కూడా కలిసొచ్చింది. ‘లా ప్వెర్తా సె అబ్రియో సోలా’ అంటే తలుపు దానంతట అదే తెరుచుకుంది. పసిపాప గురించి ‘యా కోమె సోలీతా’ అంటే ఇప్పుడు తనంతట తనే తింటోంది, ‘సోలీతా’ ముద్దుగా అనే రూపం. ‘దానంతట అదే, వాడంతట వాడే, నా అంతట నేనే’ అని మనం కూడా మనిషిని బట్టి మారుస్తాం కదా. సోలోకు ఉన్న ఈ రెండో అర్థం కూడా తెలుగులో నుంచే ఆమెకు దొరికింది.

ఇద్దరు ఉంటే ఒంటరి ఎలా అవుతారు?

ఏకవచనం దారిన పడ్డాక బహువచనం మొరాయించింది. ఆమె ప్రశ్న న్యాయమైనదే: “అమ్మానాన్న ఇద్దరున్నారు. ఇద్దరున్నప్పుడు ‘సోలోస్’ ఎలా అవుతుంది? ఒక్కరే అనం కదా?”

‘ఒక్క’లో బహువచనానికి చోటు లేదు. ఇద్దరుంటే మనం ‘వాళ్ళిద్దరే ఉంటున్నారు’ అంటాం, ‘మేమిద్దరమే’ అంటాం. స్పానిష్ ఎందరినైనా ఒక్క మాటతోనే చెబుతుంది: ఎస్తాన్ సోలోస్, వాళ్ళకు తోడుగా ఇంకెవరూ లేరు. పదిమంది ఉన్నా సోలోస్ కావచ్చు. కాబట్టి బహువచనంలో సోలోస్‌ను ‘ఒక్కరే’తో కాకుండా ‘వాళ్ళే, వాళ్ళిద్దరే’తో జతచేశాను. ఆ చివరి ‘ఏ’లోనే సోలోస్ ఉంది. ‘ఎస్తామోస్ సోలోస్’ అంటే ‘మనమే ఉన్నాం, ఇంకెవరూ లేరు’.

లింగం దగ్గర మాత్రం తెలుగు మనల్ని ఇక్కడ వదిలేస్తుంది. ఏకవచనంలో మనకు వాడు, ఆమె తేడా ఉంది. బహువచనానికి వచ్చేసరికి మనుషులందరూ ‘వాళ్ళు’, మిగతావన్నీ ‘అవి’. అక్కచెల్లెళ్ళిద్దరైనా, అన్నదమ్ములిద్దరైనా ‘వాళ్ళిద్దరే’. స్పానిష్ ఆ తేడాను బహువచనంలోనూ ఉంచుకుంది. అమ్మ, తను ఉంటే ‘సోలాస్’, తమ్ముడు కూడా వచ్చి చేరితే ‘సోలోస్’. ఒక్క మగవాడు ఉన్నా అంతే. దీనికి తెలుగులో వంతెన లేదు, అది విడిగా సాధన చేయాల్సిందే. ఆమె ఫోన్‌లో ఉన్న కుటుంబం ఫొటోలు ఒక్కొక్కటే తీసి, ఎవరెవరున్నారో చూసి చెప్పించాను. మూడు క్లాసులు పట్టింది. పాఠ్యపుస్తకంలోని బొమ్మలకంటే సొంత మనుషుల ఫొటోలు బాగా పనిచేశాయి.

జనం, మీరు

‘జనం’ మనకు బహువచన క్రియనే అడుగుతుంది: జనం ఉన్నారు, జనం వచ్చారు. స్పానిష్ ‘హెంతె’ స్త్రీలింగ ఏకవచనం. నగరంలో జనం ఒంటరిగా ఉన్నారనడానికి ‘లా హెంతె ఎస్తా సోలా’ అనాలి. ఎంతమంది ఉన్నా సోలానే, అందరూ మగవాళ్ళైనా సోలానే. అర్థాన్ని కాదు, మాటను చూసి కలపాలి. ఆమె ‘హెంతె ఎస్తాన్ సోలోస్’ అని చాలాసార్లు అంది. ఇది నేను ఎక్కువ పట్టించుకోలేదు, వింటూ వింటూ పోతుందని.

గౌరవం దగ్గర వచ్చిన చిక్కు అంతకన్నా లోతైనది. ఒక అభ్యాసంలో పెద్దావిడను ‘మీరు ఒక్కరే వచ్చారా?’ అని అడగాలి. ఆమె ‘ఎస్తాన్ ఉస్తెద్ సోలోస్?’ అంది. ‘మీరు’ మనకు రూపంలో బహువచనం, గౌరవించిన వెంటనే క్రియ బహువచనమవుతుంది, లింగం మాయమవుతుంది. ‘ఒక్కరే’ అన్నామంటే ఆడో మగో చెప్పం, అందులోనే మర్యాద ఉంది. స్పానిష్ ‘ఉస్తెద్’ అంతే మర్యాదగలది, కానీ ఏకవచనం. దాని పక్కన విశేషణం ఎదుటి మనిషి లింగాన్ని బట్టే మారుతుంది: పెద్దావిడను ‘ఎస్తా ఉస్తెద్ సోలా?’, పెద్దాయనను ‘ఎస్తా ఉస్తెద్ సోలో?’. పెద్దావిడను సోలా అనడం ‘ఒక్కదానివే’ అన్నంత చనువుగా ఆమెకు వినిపించేది. అది వ్యాకరణం సమస్య కాదు, పెంపకం సమస్య. అక్కడ మర్యాద బరువంతా ఉస్తెద్ మోస్తుంది, సోలా మీద ఏ బరువూ లేదని ఎన్నోసార్లు చెప్పాల్సి వచ్చింది.

చోటు మారితే

విశేషణం నామవాచకానికి ముందు వస్తే అర్థం మారుతుంది. ‘ఉన్ ఓంబ్రె సోలో’ ఒంటరి మనిషి, ‘ఉన్ సోలో ఓంబ్రె’ ఒకే ఒక్క మనిషి. ‘నీ ఉనా సోలా పలాబ్రా’ అంటే ఒక్క మాట కూడా లేదు. ఇది ఆమెకు వెంటనే తెలిసిపోయింది, ‘ఒక్క’ అప్పటికే నోట్‌బుక్‌లో ఉంది కాబట్టి. స్పెయిన్‌లో పాలు లేని కాఫీని ‘కఫే సోలో’ అంటారు, రెండు కావాలంటే ‘దోస్ కఫేస్ సోలోస్’. ఒంటరిగా ఉండటానికి ‘ఎస్తార్ సోలో’, ఒంటరితనాన్ని ఇష్టపడే స్వభావానికి ‘సెర్ సొలితారియో’. ఇవి ఒక పూటలో అయిపోయాయి.

‘ఆ సోలాస్’ మాత్రం ఈరోజుకీ తప్పుతోంది. ‘ఏకాంతంగా, పక్కన ఎవరూ లేకుండా’ అని దాని అర్థం. మగవాడు చెప్పినా, ఇద్దరు మగవాళ్ళు కలిసి మాట్లాడుకున్నా ‘ఆ సోలాస్’ అనే అంటారు, మారదు. ఇంత కష్టపడి కలపడం నేర్చుకున్న అమ్మాయి, కలపకూడని ఈ ఒక్కదాన్నీ కలిపేస్తోంది: తమ్ముడితో విడిగా మాట్లాడాలనుకుంటే ‘ఆ సోలోస్’ అంటోంది. నాకు ఇది చెడ్డ గుర్తుగా అనిపించలేదు.

చిన్న గీత గొడవ

అడిగింది కాబట్టి చెప్పాను. పాత పుస్తకాల్లో ‘మాత్రమే’ అనే సోలోకు మొదటి ‘ఓ’ మీద చిన్న గీత ఉంటుంది, ఒంటరి సోలోకు ఉండదు. స్పానిష్ భాషకు నియమాలు చెప్పే సంస్థ, 1713లో మొదలైన రియల్ అకాదెమియా ఎస్పన్యోలా, స్పానిష్ అమెరికా అకాడమీలతో కలిసి 2010లో తెచ్చిన వర్ణక్రమ గ్రంథంలో ఆ గీత అక్కర్లేదంది. చాలామంది రచయితలు ఒప్పుకోలేదు, గీత పెడుతూనే వచ్చారు. 2023 మార్చిలో అకాడమీ మళ్ళీ స్పష్టం చేసింది: అర్థంలో తికమక రాని చోట గీత లేకుండానే రాయాలి, తికమక ఉందని రాసేవారికి అనిపిస్తే పెట్టుకోవచ్చు.

అందరూ చూపే ఉదాహరణ ‘త్రబాహో సోలో లోస్ దొమింగోస్’. ‘ఆదివారాల్లో ఒక్కణ్ణే పనిచేస్తాను’ అనా, ‘ఆదివారాలు మాత్రమే పనిచేస్తాను’ అనా? ఆమె కాసేపు చూసి, “ఇది మగవాడు రాస్తేనే కదా మేడం సందేహం? నేను రాస్తే ‘సోలా’ అంటాను, తేలిపోతుంది” అంది. నిజమే. తన గురించి ఒక ఆడమనిషి రాసినా, ఇద్దరి గురించి ఎవరు రాసినా ఇందులో సందేహం లేదు. ఈ గొడవంతా పుంలింగ ఏకవచనం దగ్గరే. నేను ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు, ఆమె చెప్పాకే చూశాను.

ఇప్పుడు

నాలుగు నెలలయ్యాక మొదటి ఉత్తరాన్నే మళ్ళీ రాయమన్నాను, పాతది చూడకుండా. ‘బీబో సోలా ఎన్ హైదరాబాద్. మిస్ పాద్రెస్ బీబెన్ సోలోస్ ఎన్ గుంటూర్ ఇ మె ప్రెఓకూపో.’ చివరిది కొత్తగా చేర్చింది: నాకు బెంగగా ఉంటుంది. ‘హెంతె’ దగ్గర ఇంకా అప్పుడప్పుడు తడబడుతుంది. మాట్లాడేటప్పుడు సోలా దగ్గర ఆగి నా ముఖం చూడటం పోయింది.

తర్వాత వచ్చిన బ్యాచ్‌లో మొదటి రోజే ‘ఒంటరిగా’ అనే మాట బోర్డు మీద రాయకుండా, ‘మీరు ఒక్కరే వచ్చారా?’ అని ఒక్కొక్కరినీ అడిగాను. ‘ఒక్కణ్ణే వచ్చాను’, ‘ఒక్కదాన్నే వచ్చాను’, ‘మేమిద్దరమే వచ్చాం’ అని వాళ్ళు చెబుతుంటే, ఆ జవాబులను వాళ్ళ మాటల్లోనే బోర్డు మీద రాసి, కింద ఒక్కోదానికీ స్పానిష్ పెట్టాను.

ఆ ఉత్తరం మళ్ళీ గ్వాదలహారాకు వెళ్ళింది. ఈసారి ఆ మెక్సికో ఆవిడ ఇల్లు గురించి అడగలేదు. తన తల్లిదండ్రులు కూడా అలాగే ఇద్దరే ఉంటున్నారని, ‘తంబియెన్ ఎస్తాన్ సోలోస్’ అని రాసింది.